సగానికి మరిగిన నీళ్లు

మార్కాపురం,
1938 జూలై 9

అక్కకు ఓబులేసు దండాలు.

క్షేమంగా చేరినాను. దొనకొండ స్టేషన్లో నువ్వు కిటికీ పట్టుకుని చెప్పిన జాగ్రత్తలన్నీ గుర్తున్నాయి. నాయన మెడ ఎత్తలేక, రైలు చక్రాలకు చెప్పినట్టు “బాగా చదువుకోరా” అన్నాడే, అది తలుచుకుని కొంతసేపు నవ్వినాను. గజ్జెలకొండ దాటేదాకా ఏడ్చినాను కూడా. అమ్మకు చెప్పొద్దు.

పుష్పమ్మత్త ఇంట్లో నాకు ఏ లోటూ లేదు. మామ పలకల కార్ఖానా నుంచి వస్తే ఇల్లంతా దుమ్ము. ఒక పలక అంచు విరిగిందని నాకిచ్చినాడు. దాన్ని మన చెల్లి సుబ్బులు కోసం దాచిపెట్టినాను.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఏడు మా సెకండు ఫారానికి సైన్సు పాఠాలు తెలుగులో చెబుతున్నారు. గురవయ్య అయ్యవారు తాను ఇంగ్లీషులో చదువుకున్నవాడు. బోర్డు మీద ఇంగ్లీషు మాట రాసి, పక్కన తెలుగు మాట రాసి, ఒకసారి తనే చదువుకుని, తల గోక్కుని “ఇదేరా, రాసుకోండి” అంటాడు. పిల్లలు నవ్వుతారు. నాకు నవ్వు రాదు. ఆ మాటలు నోట్లో వేసుకుని బెల్లం ముక్కలాగా చప్పరించాలనిపిస్తుంది.

ఉప్పు నీళ్లలో వేస్తే ఏమవుతుందక్కా? కరిగిపోతుంది అంటావు. కరుగుతుంది గానీ పోదు. కనపడకుండా అందులోనే ఉంటుంది. అట్లాంటి నీళ్లను ద్రావణం అంటారు. నీళ్లు ద్రావణి, ఉప్పు ద్రావితం. అమ్మ కాచే చారు కూడా ద్రావణమేనని నేనంటే, అయ్యవారు “మీ అమ్మ చారు నిజంగా అంత పలచనా?” అన్నాడు. ఆ రోజు నేనూ నవ్వినాను.

నా పళ్ల మీది గోధుమరంగు చారలు చూసి ఇక్కడి పిల్లలు “పొగాకు మేసే దూడ” అని పేరు పెట్టినారు. మా ఊళ్లో అందరి పళ్లూ ఇంతేనంటే నమ్మడం లేదు.

ఒక మంచి మాట నేర్చుకున్నాను, ఇంట్లో అందరికీ చెప్పు. నీళ్లలో కంటికి కనపడని క్రిములుంటాయి. నీళ్లు మరిగిస్తే అవి చస్తాయి, రోగాలు రావు. సుబ్బులు రోజూ కాళ్లు నొప్పులంటుంది గదా. దానికి మరిగించిన నీళ్లు తాపండి. నొప్పులు పోతాయి.

నీ తమ్ముడు,
ఓబులేసు

ఎర్రగట్టుపాలెం,
ఆగస్టు 4

తమ్ముడు ఓబులేసుకు అక్క రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. నా రాత చూసి నవ్వబాకు. దీనమ్మ పంతులమ్మ దగ్గర నాలుగో తరగతి దాకా చదివితే వచ్చింది ఇంతే. మీ బావ గొర్రెల్ని తోలుకుని నల్లమలకు పోయినాడు, పుష్యమాసానికి గానీ తిరిగి రాడు. అందాకా నేను ఇక్కడే.

నీ కాయితం అరుగు మీద కూర్చుని అందరికీ చదివినాను. చారు మాటకు అమ్మకు కోపం వచ్చింది. “పలచన చారు తాగే అంత పొడుగు పెరిగినాడు, చెప్పు వాడికి” అనింది. ద్రావణం, ద్రావితం అని సుబ్బులు రోజంతా పాట పాడింది. కోడిపుంజుకు ద్రావణం అని పేరు పెట్టింది. పలక ఎప్పుడొస్తదని అడగతా ఉంది.

నువ్వు చెప్పినట్టే నీళ్లు మరిగిస్తా ఉన్నాం. ఇంట్లో అందరికీ మరిగించాలంటే కట్టెలెక్కడివి? సుబ్బులుకు మాత్రం ఒక చట్టెడు పొయ్యి మీద పెడతాం. ఒక పొంగు రాగానే నేను దించబోతే అమ్మ నా చెయ్యి తోసింది. “కాళ్లనొప్పికి తాపేదంటే మందే గదా. మందు సగానికి ఇంకాల. కషాయం ఒక పొంగుకే దించితే పనిచేస్తదా?” అనింది. నిజమే గదా. అందుకని పొద్దున్నే పెట్టి సగానికి ఇంకినాక దించుతాం. ఆ నీళ్లు తప్ప దానికి వేరే నీళ్లు ఇవ్వడం లేదు. అమ్మ నిష్ఠగా చేస్తా ఉంది.

నాయనకు మాత్రం ఇది నచ్చలేదు. “రాయి పగలగొట్టి, ఈ నడుం దానికి ధారపోసి తవ్వినా ఆ బావి. అద్దం మాదిరి నీళ్లు. వాటిని మళ్లీ మంట మీద పెట్టాల్నా? ఊళ్లో సగం మంది తాగతా ఉన్నారు, ఒక్కడికన్నా వాంతిబేది వచ్చిందా?” అన్నాడు. అన్నాక “కానీయండి, చదువుకున్నోడు చెప్పినాడు” అన్నాడు. లోపల సంతోషమే.

ఎర్రెద్దు ముందరి కాళ్లు పట్టుకుపోయినాయి. ఇద్దరు పట్టి లేపితే గానీ లేవడం లేదు.

అక్క రోశమ్మ

మార్కాపురం,
సెప్టెంబరు 25

అక్కకు దండాలు.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. పరీక్షల వల్ల రాయలేదు. సైన్సులో నాకు మొదటి మార్కు. “పొగాకు మేసే దూడ”కు మొదటి మార్కు!

పోయిన వారం అయ్యవారు ఒక ప్రయోగం చేసినాడు. పింగాణీ గిన్నెలో ఉప్పునీళ్లు పోసి, కింద దీపం పెట్టినాడు. మేమందరం చుట్టూ మూగినాం. నీళ్లు పొగలాగా లేచి పోతున్నాయి. దాన్ని బాష్పీభవనం అంటారు. ఎంత బరువైన మాట చూడు, చేసే పని మాత్రం నీళ్లను గాలిలో తేల్చడం. నీళ్లు తగ్గేకొద్దీ మిగిలినవి ఇంకా ఇంకా ఉప్పగా అయినాయి. అయ్యవారు ఒక్కొక్కరి నాలుక మీద ఒక్కొక్క చుక్క వేసినాడు. చివరికి గిన్నె అడుగున తెల్లగా మిగిలింది ఉప్పు. నీళ్లు పోతాయి, ద్రావితం పోదు. దాన్ని భూతద్దంలో చూస్తే చిన్న చిన్న పలకలు పేర్చినట్టు మెరుస్తుంది. ఆ రూపాన్ని స్ఫటికం అంటారు. సుబ్బులుకు చెప్పు, ఈసారి దాని మాట స్ఫటికం. కోడిపెట్టకు పెట్టుకోమను.

అక్కా, వస్తువులన్నిటికీ మనం పెట్టిన పేర్ల వెనకాల ఇంకొక పేరు ఉన్నట్టు తోస్తుంది నాకు. పొద్దున లేచి పొయ్యి చూసినా, మంచు చూసినా, ఆ పేరేంటో తెలిసేదాకా మనసు నిలవదు. నేను గురవయ్య అయ్యవారి మాదిరి కావాలి. కాకపోతే తల గోక్కోను.

సుబ్బులుకు నీళ్లు మానొద్దు. అమ్మ చేసిందే సరి. వీలైతే పూటకు ఇంకొక చెంబు ఎక్కువ తాపండి.

ఓబులేసు

ఎర్రగట్టుపాలెం,
నవంబరు 20

ఓబులేసుకు.

అందరం బాగున్నామని రాసేదానికి చెయ్యి రావడం లేదు.

నీ కాయితం మూడుసార్లు చదివినా. దీపం గురించి రాసినావు, గిన్నె గురించి రాసినావు. సుబ్బులు కాళ్లు ఎట్ల ఉన్నాయని ఒక్క మాట అడిగినావా? ఎర్రెద్దు ఏమైందని అడిగినావా? అది చచ్చిపోయింది.

సుబ్బులు నడిచేటప్పుడు మోకాళ్లు ఒకదానికొకటి కొట్టుకుంటాయి. పాదాలు ఎడంగా పోతాయి. నెల కిందట గడప దాటతా పడింది. ఇప్పుడు గోడ పట్టుకుని గానీ లేవదు. తోటి పిల్లలు దానిమాదిరి నడిచి చూపించి నవ్వుతారు. అది కూడా వాళ్లతో కలిసి నవ్వతది. అదొక ఆట అనుకుంటది.

ఇంకా ఎక్కువ తాపమని నువ్వు రాసినావు గదా, అమ్మ చట్టి మార్చింది. పెద్ద చట్టి పెట్టింది. కట్టెలకు నేను గట్టుకు పోతా ఉన్నా. మరిగించీ మరిగించీ చట్టి లోపలంతా తెల్లగా సున్నం మాదిరి పట్టింది. కొబ్బరి చిప్పతో గీరినా పోలేదు. నువ్వు చెప్పిన స్ఫటికం అదేనా? నాయన మాత్రం “నీళ్లలో బలం గడ్డకట్టింది, మంచిదేలే” అన్నాడు.

నాకు ఒకటి అర్థం కాక రాస్తా ఉన్నా. గిన్నెలో నీళ్లు తగ్గేకొద్దీ ఉప్పగా అయినాయన్నావు. మరి మన చట్టిలో నీళ్లు సగానికి తగ్గితే అందులో ఉండేది ఏమవుతది? నాకు చదువు లేదు. నువ్వే చెప్పాల.

రోశమ్మ

మార్కాపురం,
డిసెంబరు 3

అక్కా,

ఈ ఉత్తరం అందిన నిమిషమే ఆ చట్టి దించెయ్యండి. సుబ్బులుకు ఆ నీళ్లు ఒక్క గుక్క కూడా తాపొద్దు. మన బావి నీళ్లు పచ్చివి కూడా ఎవరూ తాగొద్దు. ఆ నీళ్లలో విషం ఉంది.

నీ ఉత్తరం వచ్చినరోజే బడి పిల్లల్ని చూసేందుకు ఒక డాక్టరు వచ్చినాడు. నన్ను నోరు తెరవమన్నాడు. పళ్లు చూసి “ఏ ఊరు?” అన్నాడు. చెప్పినాను. “గడ్డం రొమ్ముకు ఆనించు” అన్నాడు. ఆనించినాను. “మీ నాయన ఆనించగలడా?” అన్నాడు. లేదండీ, మెడ తిరగదు, బావి తవ్వి నడుం పట్టింది అన్నాను. “బావి తవ్వి కాదు” అన్నాడు.

దర్శి, పొదిలి వైపు కొన్ని బావుల నీళ్లలో ఫ్లోరిన్ అనే దాని ఉప్పు కరిగి ఉంటుందట. రుచి ఉండదు, రంగు ఉండదు. ఏళ్ల తరబడి తాగితే ఎముకల్లోకి పోయి కూర్చుంటుంది. ముందు పళ్లకు, ఆ తర్వాత కీళ్లకు. పశువులకు కూడా.

నేను తెలివిగా చెప్పినాను: “మా చెల్లెలికి మరిగించి తాపుతున్నామండీ, సగానికి ఇంకేదాకా.” ఆయన రాస్తున్నవాడు కలం ఆపినాడు. “సగానికా?” అన్నాడు. గురవయ్య అయ్యవారు నా భుజం మీద చెయ్యి వేసినాడు. అప్పుడు తెలిసింది నాకు. పింగాణీ గిన్నె గుర్తొచ్చింది. నువ్వు అడిగింది గుర్తొచ్చింది.

మరిగిస్తే క్రిములు చస్తాయి. ఇది క్రిమి కాదు. చట్టికి పట్టిన తెల్లది కొంతే. మిగిలింది నీళ్లలోనే ఉంది, చిక్కగా.

ఓబులేసు

ఎర్రగట్టుపాలెం,
1939 జనవరి 6

ఓబులేసుకు.

నీ కాయితం వచ్చినప్పుడు అరుగు మీద అంకన్న పెదనాయనా, ఇంకో నలుగురూ ఉన్నారు. ఎప్పటిమాదిరే నేను పైకి చదివినా. విషం అనే మాట నోట్లోంచి వచ్చినాక గానీ ఆగాలని తెలవలేదు.

ఇన్ని మాటలు నేర్చినావే, అంతకంటే మెత్తని మాట ఒకటి నీకు దొరకలేదా?

నాయన “నేను మీకు విషం పెట్టినానంటాడా వాడు?” అన్నాడు. కాదు నాయనా, నీళ్లు అంటున్నాడు అన్నా. “నీళ్లేంది, నేనేంది?” అన్నాడు. లేచి బావి దగ్గరికి పోయి, బొక్కెనెడు చేది, అందరూ చూస్తా ఉంటే చెంబు మీద చెంబు తాగినాడు. ఆ చెంబే తెచ్చి సుబ్బులు నోటికి పెట్టినాడు. నేను అడ్డం పోతే నన్ను తోసినాడు. నాయన నా మీద చెయ్యి వెయ్యడం అదే మొదలు. సుబ్బులు “పచ్చినీళ్లు తియ్యగా ఉన్నాయి నాయనా, అన్న చెప్పిన నీళ్లే చేదు” అని గటగటా తాగింది.

అంకన్న పెదనాయన ఊరంతా చెప్పినాడు. “ఎర్రయ్య కొడుకు మార్కాపురంలో కూర్చుని మన ఊరికి చెడ్డపేరు పెట్టినాడు. ఇంక మన ఊరికి పిల్లనెవరిస్తారు, మన ఎద్దుల్ని సంతలో ఎవరు కొంటారు?” అని. నీళ్లకు వచ్చే ఆడోళ్లు మాతో మాట్లాడటం లేదు. నీళ్లు మాత్రం తోడుకుని పోతా ఉన్నారు.

అమ్మ ఆ చట్టిని పెరట్లోకి తీసుకుపోయి రాయికి కొట్టింది. ఏడవలేదు. “నేనే గదా సగానికి ఇంకాలన్నది” అని ఒక్కసారి అనింది. అప్పట్నుంచి మాట లేదు. నువ్వు రాసినావు గనక అమ్మ చేసింది. అమ్మ చేస్తా ఉందని నేను నీకు రాసినా. నువ్వు సరి అన్నావు. ఇందులో ఎవర్ని అనాల్నో నాకు తెలవడం లేదు.

వాగు ఇసుకలో తవ్విన చెలమ నుంచి నీళ్లు తెస్తా ఉన్నా సుబ్బులుకు. నాయన చూడనప్పుడు తాపుతా ఉన్నా.

రోశమ్మ

మార్కాపురం,
ఫిబ్రవరి 12

అక్కకు,

ఈసారి ఏ కొత్త మాటా రాయను.

నాయనకు చదవొద్దు, చూపించు. బావ ఈపాటికి నల్లమల నుంచి వచ్చి ఉంటాడు గదా. బావా, బావతో పోయే గొర్రెలోళ్లూ ఏడాదిలో సగం అడవి వాగుల నీళ్లే తాగుతారు. వాళ్లలో నడుం వంగినవాడు ఎవడైనా ఉన్నాడా? బావను గడ్డం రొమ్ముకు ఆనించమను, నాయన ఎదుట. చాలు.

నాయన బావి తవ్వింది మన కోసమే. అందులో ఏముందో రాయికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ మాట మొదట రాసి ఉండాల్సింది. నేను తెలిసినదాని గొప్పతో రాసినాను, భయంతో రాసినాను, నాయన ముఖం తలుచుకుని రాయలేదు.

సుబ్బులు కాళ్లకు బావి ఎంత చేసింది, నా ఉత్తరం ఎంత చేసింది అని డాక్టరుకు అయ్యవారి చేత జాబు రాయించినాను. అది ఎవరూ విడదీసి చెప్పలేరని జవాబు వచ్చింది. అయ్యవారిని ఇంకొకటి అడిగినాను. నీళ్లు ఆవిరై మళ్లీ నీళ్లవుతాయి, దానికి మాట ఉంది. కరిగిన ఉప్పు మళ్లీ ఉప్పవుతుంది, దానికీ ఉంది. ఎముకలోకి పోయింది మళ్లీ బయటికి వస్తే దాన్నేమంటారండీ? అయ్యవారు సుద్దముక్క కింద పెట్టినాడు. “ఆ మాట అవసరం పడలేదురా ఇంకా” అన్నాడు.

నేను బడి మానేసి వస్తాను అక్కా. చెలమ నీళ్లు నేను మోస్తాను. ఆ పని నాది.

పలక పంపుతున్నాను. దొనకొండకు వచ్చే మనిషి చేతికిచ్చినాను.

ఓబులేసు

ఎర్రగట్టుపాలెం,
మార్చి 19

తమ్ముడికి అక్క రాసేది.

రాబాకు. నువ్వు వస్తే ఒక కుండ నీళ్లు ఎక్కువొస్తాయి, అంతే. చదువు మానినావంటే అంకన్న పెదనాయన అరుగు మీద కూర్చుని “చూసినారా, ఆ మాట అబద్ధమని తేలబట్టే వచ్చినాడు” అంటాడు. ఊళ్లో ఇంకా పిల్లలు పుడతా ఉన్నారు, ఆ నీళ్లే తాగతా ఉన్నారు. రాఘవులు కూతురి పళ్లకు చారలు వచ్చినాయి. వాళ్లకు ఎవరు చెప్పాల? ఈసారి చెప్పేటప్పుడు ఏం చెయ్యాల్నో మాత్రమే గాదు, ఎట్ల చెయ్యాల్నో, ఎక్కడ ఆపాల్నో గూడా చెప్పాల. అది నేర్చుకునిరా.

మీ బావ వచ్చినాడు. నువ్వు చెప్పినట్టే అరుగు మీద గడ్డం రొమ్ముకు ఆనించినాడు. “ఇదేం కోతి ఆటరా” అని నాయన నవ్వినాడు. మీ బావ “నువ్వూ చెయ్యి మామా” అన్నాడు. నాయన చేసినాడు. మెడ రాలేదు. మళ్లీ చేసినాడు. ఆ తర్వాత పోయి గొడ్ల చావిట్లో ఎర్రెద్దును కట్టేసే గుంజ దగ్గర కూర్చున్నాడు. అన్నానికి రమ్మంటే రాలేదు.

మర్నాడు పొద్దున నేను చెలమకు బయల్దేరితే నా నెత్తి మీది కుండ తీసుకున్నాడు. వంగిన మనిషికి కుండ నెత్తిన నిలవదు, భుజాన కావడి నిలవదు. నడవలేని గొర్రెపిల్లను వీపున కట్టుకుంటారే, అట్ల కట్టమన్నాడు. కట్టినా. అప్పట్నుంచి ఎండెక్కకముందే పోయి ఒక్కడే తెస్తా ఉన్నాడు. చెలమలో ఊట తగ్గింది, గంటసేపు కూర్చుని దొప్పతో తోడాల. దారి కష్టంగా ఉందా నాయనా అంటే, “నేలే గదా కనపడేది నాకు, నాకంటే బాగా ఎవడికి తెలుసు దారి?” అన్నాడు.

ఆ నీళ్లు సుబ్బులుకు, అమ్మకు, నాకు. తాను మాత్రం బావి నీళ్లే తాగతాడు. ఎంత చెప్పినా వినడు. “నేను తవ్వింది. ఎవరో ఒకరం తాగాల గదా” అంటాడు. నీ మీద కోపం పోయింది. నీ పేరెత్తితే లేచిపోతాడు, అంతే.

అమ్మ మాట్లాడతా ఉంది, కొంచెం.

పలక అందింది. సుబ్బులు గడపలో కూర్చుని దిద్దతా ఉంది. లేవలేదు గనక పొద్దంతా దిద్దతది. నీ రాతకంటే, నా రాతకంటే దాని రాతే బాగుంది. ద్రావణం అని తప్పులేకుండా రాసింది. ఆ కోడిపుంజు దాని ఒళ్లోనే ఉంటది.

అది నిన్ను ఒక మాట అడగమనింది. “అన్నకు అన్నీ తెలుసు గదా, నేను ఎప్పుడు నడుస్తానో రాయమను” అనింది. అడగతానని మాటిచ్చినా. అడిగినా.

దానికి జవాబు రాయబాకు. ఇప్పుడది నీ కాయితాలు కూడబలుక్కుని చదవతా ఉంది.

అక్క రోశమ్మ